సర్ సాలార్ జంగు

హైదరాబాదు నగరమున మూసీనది యొడ్డున సాలార్ జంగు వస్తుప్రదర్శనశాల కలదు. దానిని దర్శింపనివారు నగరమునకు పోయి వచ్చిన యాత్రికులలో అరుదు. గంట గంటకును చిన్న బొమ్మ యొకటి వెలుపలికి వచ్చి గంట కొట్టు గడియారమును, ముసుగు చాటున ముఖము కనబడునట్లు చెక్కిన రెబెక్కా పాలరాతి విగ్రహమును చూచి పిల్లలును పెద్దలును ఒకే తీరున విస్మయము నొందుదురు. ఆ సంపదలో పెక్కుభాగమును సేకరించినవాడు మూడవ సాలార్ జంగు. ఆయన తాతగారు మొదటి సాలార్ జంగు. రెబెక్కా విగ్రహమును రోము నగరమున కొనినవాడు ఆ తాతగారే. కాని ఆయన తన దేశమునకు చేసిన మహోపకారము అద్దాల బీరువాలలో కనబడునది కాదు. దివాలా తీసిన ఒక రాజ్యమునకు ఖజానాను, లెక్కలను, క్రమమైన పన్ను వసూలును ఏర్పఱచి దానిని నిలువబెట్టుటయే ఆ యుపకారము.

సాలార్ జంగు అసలు పేరు మీర్ తురాబ్ అలీఖాన్. ఆయన 1829వ సంవత్సరము జనవరి మాసమున జన్మించెను. ఆ వంశమువారు నిజాము కొలువున తరతరములుగా మంత్రులు. ముత్తాత మీర్ ఆలం, తాత మునీరుల్‌ముల్కు, తండ్రి సోదరుడు సిరాజుల్‌ముల్కు, ముగ్గురును దివాను పదవి నలంకరించినవారే. వంశము గొప్పదైనను బాలుని బాల్యము సుఖమయము కాలేదు. పసితనముననే తండ్రి మరణించెను. తాతగారి నీడన కొంతకాలమును, పిమ్మట సిరాజుల్‌ముల్కు పోషణమున కొంతకాలమును పెరిగెను. వంశపు జాగీరులు ఋణభారమున క్రుంగియుండెను. మంత్రుల యింట పుట్టియు అప్పులవారి మాట వినుట ఎట్లుండునో ఆ బాలునకు చిన్ననాడే తెలిసినది.

పారసీక భాషను, అరబ్బీని, ఇంగ్లీషును నేర్చుకొని, ఇరువది యేండ్లయినను నిండకముందే ఆయన తెలంగాణములోని కొన్ని తాలూకాల పాలనాధికారమును పొందెను. అంతకుముందు ఆ తాలూకాలను డైటన్ అను ఆంగ్లేయుడు నడపియుండెను. ఆ దొర వ్రాయించిన లెక్కల పద్ధతిని ఆ యువకుడు శ్రద్ధగా పరిశీలించెను. ఆ యుద్యోగము ఎనిమిది మాసములు మాత్రమే సాగినది. పిదప తన వంశపు జాగీరులను తానే స్వయముగా చూచుకొనుచు, పైరెట్లు పండునో, పన్నెట్లు వసూలగునో, నడుమ సొమ్మెట్లు మాయమగునో కన్నులార కాంచెను. ముందు కాలమున ఆయనకు ఉపకరించిన విద్య ఇదియే.

ఆనాటి హైదరాబాదు రాజ్యస్థితి మిక్కిలి శోచనీయముగా నుండెను. ఒకప్పుడు నిజాము ఏలుబడి సముద్రతీరము వఱకు వ్యాపించియుండెను. చోడవరము, చీడికాడ మొదలగు గ్రామములుగల మన ఉత్తరాంధ్ర ప్రాంతము చేరియున్న శ్రీకాకుళపు సర్కారు కూడ నిజాముదే. 1766వ సంవత్సరపు సంధితో సర్కారు జిల్లాలును, 1800వ సంవత్సరమున రాయలసీమ జిల్లాలును ఇంగ్లీషు కుంపిణీ వారికి దక్కెను. రాజ్యము కుఱుచయైనను వ్యయము మాత్రము తగ్గలేదు. ఇంగ్లీషు అధికారుల క్రింద నడచు కంటింజెంటు సైన్యమునకు నిజాము జీతములు చెల్లింపవలసి యుండెను. చందూలాలు అను మంత్రి, 1843వ సంవత్సరము వఱకు, చాలకాలము అధికారమున నుండి, చేతికందిన చోటనెల్ల అప్పులు చేసెను. పామరు కంపెనీ అను వర్తకసంస్థ యొద్ద 1820వ సంవత్సరమున తీసికొనిన అప్పే అఱువది లక్షల రూపాయలు. ఒక అప్పు తీర్చుటకు మఱియొక అప్పు, దాని వడ్డీకి వేఱొక అప్పు. నిజాముగారి ఆభరణములు సైతము కుదువకు పోయెను.

పన్ను వసూలు విధానము ఇంకను విచిత్రమైనది. ప్రభుత్వము తాలూకాలను గుత్తకు ఇచ్చుచుండెను. ఎవడు హెచ్చు మొత్తమునకు ఒప్పుకొని ముందుగా కొంత సొమ్ము చెల్లించునో వానికే తాలూకా దక్కును. వాడు తాను చెల్లించిన దానికి మూడింతలు రైతు నుండి రాబట్టుకొనుటకు యత్నించును. మఱునాడు వేఱొకడు మఱికొంత హెచ్చు పాడినచో మొదటివాని గుత్త పోవును. కనుక ఉన్న నాలుగు దినములలో రైతును పిండుకొనుటయే వాని తలంపు. చెరువు బాగుచేయుట గాని, బంజరు సాగుచేయించుట గాని వానికి పట్టదు. సైనికులకు జీతములు బాకీపడినప్పుడు అరబ్బు జమాదారులును, రోహిల్లాలును తాలూకాలనే తాకట్టుగా పట్టుకొని స్వయముగా పన్ను వసూలు చేసికొనుచుండిరి. వడ్డీవ్యాపారులైన సాహుకారులు రాబోవు పంటపై ఇప్పుడే ప్రభుత్వమునకు అప్పిచ్చి, పంట రాగానే వడ్డీతో పట్టుకొనిపోవుచుండిరి. చెరువు నిండ నీరున్నను గట్టునకు నాలుగు వైపుల గండ్లు పడినచో తూము క్రింద పొలము ఎండిపోవును. హైదరాబాదు ఖజానా గతి అట్లున్నది.

కంటింజెంటు జీతముల బాకీ పెరిగి పెరిగి సుమారు అర్ధకోటి రూపాయలయ్యెను. గవర్నరు జనరలు డల్హౌసీ ఆ బాకీని సాకుగా చేసికొని గట్టిగా నొత్తిడి చేసెను. 1853వ సంవత్సరము మే 21వ తేదీన జరిగిన ఒడంబడిక ననుసరించి బీరారు, రాయచూరు అంతర్వేది, ధారాశివము ప్రాంతములను నిజాము ఇంగ్లీషువారి వశము చేయవలసివచ్చెను. బీరారు ప్రత్తికి పేరుగాంచిన సారవంతమైన భూమి. లెక్కలు సరిగా లేకపోవుట వలన ఒక రాజ్యము ఏమి పోగొట్టుకొనునో దీనివలన తెలిసికొనవచ్చును. యుద్ధమున ఓడి కాదు, బాకీ చెల్లింపలేక రాజ్యభాగము చేజాఱినది. ఆ దుఃఖముతోనే అనునట్లు ఐదు దినములకే దివాను సిరాజుల్‌ముల్కు కన్నుమూసెను. మే 31వ తేదీన నాల్గవ నిజాము నాసిరుద్దౌలా దివాను పదవిని తురాబ్ అలీఖానున కొసగి సాలార్ జంగు అను బిరుదమును ప్రసాదించెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదినాలుగేండ్లు.

ఖజానాలో ధనము లేదు. సైనికులు జీతములకై వీధులలో కత్తులు ఝళిపించుచుండిరి. అప్పులవారు దివాను భవనపు వాకిట కాచుకొని యుండిరి. వారిలో పెక్కుమంది చేతులలో పత్రములతోపాటు ఆయుధములు కూడ నుండెను. ఇట్టి స్థితిలో అప్పును త్రోసిపుచ్చుట ఒక మార్గము. క్రొత్త అప్పు చేయుట మఱియొక మార్గము. సాలార్ జంగు రెండింటిని విడిచి మూడవ మార్గమును పట్టెను. అదియే లెక్క చూచుట. అరబ్బు జమాదారులు మొదలగువారి బాకీలను విచారించుటకు న్యాయస్థానము నేర్పఱచెను. ఎవరికి ఎంత నిజముగా రావలసియున్నదో పత్రములు చూచి నిర్ణయింపజేసెను. నిర్ణయమైన సొమ్మును వాయిదాల ప్రకారము చెల్లించుచు, తాకట్టున నున్న తాలూకాలను ఒకటొకటిగా విడిపించెను. కుదువపెట్టిన ఆభరణములు మరల నిజాము కొలువునకు చేరెను. మాట ఇచ్చిన దినమున సొమ్ము చేతికందుచుండగా అప్పులవారికి దివాను మాటపై నమ్మకము కుదిరెను. నమ్మకము పెరిగినకొలది వడ్డీ తగ్గుట లోకసహజమే కదా!

తరువాత ఆయన దృష్టి ఖజానాపై పడెను. అంతకుముందు ప్రభుత్వపు సొమ్ము సాహుకారుల కొట్లలో నుండెడిది. రాజ్యపు పద్దులు వంశపారంపర్యముగా వచ్చు దఫ్తరుదారుల ఇండ్లలో నుండెడివి. ఎంత వచ్చినదో, ఎంత పోయినదో దివానునకు కూడ వారే చెప్పవలెను. సాలార్ జంగు ప్రభుత్వమునకు సొంత ఖజానాను నెలకొల్పి, లెక్కల శాఖను ఏర్పఱచెను. జిల్లాలలో వసూలైన ప్రతి రూపాయయు ఖజానాకు చేరవలెననియు, ఖజానానుండి పోవు ప్రతి రూపాయకును ఆజ్ఞాపత్రమును పద్దును ఉండవలెననియు కట్టడి చేసెను. సొమ్ము వసూలు చేయువాడు ఒకడు, దాచువాడు ఒకడు, లెక్క వ్రాయువాడు మఱియొకడు అయినప్పుడు ఒకని తప్పు మఱియొకని పుస్తకమున బయటపడును. ఈ చిన్న సూత్రమే నేటికిని పంచాయతీ మొదలు రాష్ట్రప్రభుత్వము వఱకు అన్ని కార్యాలయములకును ఆధారము.

లెక్క సరిగా నుండవలెనన్నచో నాణెము ఒకటిగా నుండవలెను. ఆ కాలమున గద్వాల, నారాయణపేట మొదలగు చోట్ల వేర్వేఱు టంకశాలలు ఉండెను. ఒక ఊరి రూపాయి తూకమునకు మఱియొక ఊరి రూపాయి తూకమునకు పొంతన లేదు. రైతు ఒక నాణెముతో పన్ను కట్టబోగా దానికి వట్టము కట్టుమని గుమాస్తా యడుగుచుండెను. ఈ మారకపు నెపమున పేదవాని సొమ్ము ఎంత కరిగిపోయినదో చెప్పనలవికాదు. సాలార్ జంగు నాణెముల ముద్రణమును హైదరాబాదు టంకశాలకు చేర్చి హాలి సిక్కాను రాజ్యమంతట చెల్లుబడి చేసెను. పంటలో పాలు తీసికొను పద్ధతికి బదులు రొక్కముగా పన్ను నిర్ణయించు విధానమును క్రమముగా ప్రవేశపెట్టెను. తాను కట్టవలసినది ఇంత అని రైతునకు ముందే తెలియుట వలన, కళ్లము వద్ద ధాన్యపురాశిని చూచి వాదులాడుట తగ్గెను.

గుత్త పద్ధతిని తొలగించి, నెలజీతము గల తాలూకుదారులను నియమించుట ఆయన సంస్కరణములలో ముఖ్యమైనది. వసూలులో వంతు తీసికొనువాడు రైతును పీడించును. నెలజీతము క్రమముగా పొందువానిని తప్పుచేసినప్పుడు శిక్షింపవచ్చును. 1864వ సంవత్సరమున రెవెన్యూ మండలిని స్థాపించి, మఱుసటి యేడు జిలాబందీ యను ఏర్పాటుచే రాజ్యమును జిల్లాలుగను తాలూకాలుగను విభజించెను. తాలూకాకు తహసీలుదారు, జిల్లాకు తాలూకుదారు, వారిపై పరిశీలనాధికారులు, అందఱిపై మండలి. ఇట్లు మెట్లు మెట్లుగా బాధ్యత ఏర్పడెను. 1868వ సంవత్సరమున న్యాయము, రెవెన్యూ, పోలీసు మొదలగు శాఖలకు సదరుల్‌మహాములను పేరుగల నలుగురు మంత్రులను నియమించెను. తరువాతి దశాబ్దమున భూముల కొలతయు, శిస్తు నిర్ణయమును ఆరంభమయ్యెను.

ఈ పనులు నిర్విఘ్నముగ సాగెనని తలపరాదు. 1857వ సంవత్సరమున ఉత్తరదేశమున సిపాయిల తిరుగుబాటు చెలరేగెను. ఆ వేసవిలోనే నాసిరుద్దౌలా మరణించి అఫ్జలుద్దౌలా నిజాము అయ్యెను. జులై 17వ తేదీన తుఱ్ఱేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీనుల నాయకత్వమున రోహిల్లాలు ఇంగ్లీషు రెసిడెన్సీపై దాడి చేసిరి. సాలార్ జంగు రెసిడెంటునకు ముందుగా వార్త పంపి ఇంగ్లీషువారి పక్షము నిలిచెను. స్వాతంత్ర్యమును కోరినవారు దీనికై ఆయనను నిందించిరి. తుఱ్ఱేబాజ్ ఖానును నేడు మనము వీరునిగా స్మరించుచున్నాము. అప్పుడే నిలదొక్కుకొనుచున్న రాజ్యము యుద్ధాగ్నిలో పడరాదని సాలార్ జంగు భావించియుండవచ్చును. ఏమైనను ఆ నిర్ణయమునకు ఆయన ప్రాణమే పణముగా పెట్టవలసివచ్చెను. 1859వ సంవత్సరమున నిజాము దర్బారునుండి మరలివచ్చుచుండగా ఒకడు ఆయనపైనను, వెంటనున్న రెసిడెంటుపైనను ఆయుధముతో పడెను. 1868వ సంవత్సరమున మఱల ఆయనపై హత్యాప్రయత్నము జరిగెను. రెండుసార్లును ఆయన ప్రాణములతో బయటపడెను. పాత గుత్తదారులును, లాభము పోగొట్టుకొనిన అధికారులును ఆయనపై చాడీలు చెప్పుచునే యుండిరి. నిజాము కూడ ఆయనను పలుమాఱులు శంకించెను. అన్నింటిని సహించి ఆయన తన పనిని విడువలేదు.

1860వ సంవత్సరమున ఇంగ్లీషువారు రాయచూరు అంతర్వేదిని, ధారాశివమును నిజామునకు తిరిగి యిచ్చి, అర్ధకోటి రూపాయల బాకీని రద్దుచేసిరి. బీరారును మాత్రము ఇయ్యలేదు. అది తిరిగి పొందుటయే సాలార్ జంగు జీవితాంతము వఱకు తలపోసిన కోరిక. అప్పు తీర్చగల స్థితిలో నున్నామని ఉత్తరముపై ఉత్తరము వ్రాసెను. కాని ఆ కోరిక నెఱవేఱలేదు. లెక్కల యేమఱుపాటున ఒక్కనాట చేజాఱిన దానిని మూడు దశాబ్దముల క్రమపాలనము కూడ తిరిగి తేలేకపోయెను.

1869వ సంవత్సరమున అఫ్జలుద్దౌలా మరణింపగా, మూడేండ్లయినను నిండని మహబూబ్ అలీఖాన్ నిజాము అయ్యెను. రాజ్యభారము సాలార్ జంగు, షంసుల్‌ఉమరా అను నిరువురిపై పడెను. ఆ యేడే హైదరాబాదు నగరమునకు పురపాలన మేర్పడెను. నగరమును నాలుగు భాగములుగను, చాదర్‌ఘాటు శివారును ఐదు భాగములుగను విభజించి, వాటి పారిశుద్ధ్యమును, వీధులను చూచుటకు పురపాలనాధికారిని నియమించిరి. నేటి మహానగర పాలకసంస్థకు అది తొలి బీజము. ఆ యేడే నిజాము రాజ్యపు తపాలా బిళ్లలు వెలువడెను. ఉత్తరము వ్రాయువాడు ముందుగానే రుసుము చెల్లించి బిళ్ల యంటించుట చిన్న విషయముగ తోచవచ్చును. కాని ప్రభుత్వము ఒక సేవను చేసి, దానికి తగిన వెలను అందఱి యొద్దను ఒకే తీరున పుచ్చుకొనుట అను పద్ధతికి అది మంచి యుదాహరణము. 1874వ సంవత్సరమున వాడి నుండి హైదరాబాదునకు రైలు నడచెను. ఆ దారి నిజాము ప్రభుత్వపు సొమ్ముతో వేయబడినది. ఇరువది యేండ్ల క్రిందట సైనికుల జీతములకే గతిలేని ఖజానా రైలు మార్గమును వేయగలిగినదన్న, ఆ నడుమ జరిగిన కృషి ఎంతటిదో ఊహింపవచ్చును. దారుల్ ఉలూం మొదలగు పాఠశాలలు కూడ ఆయన కాలమున వెలసినవే.

1876వ సంవత్సరమున ఆయన యూరపు యాత్ర చేసెను. పారిస్ నగరమున బసచేసిన భవనపు మెట్లపై జాఱిపడి కాలి యెముక విఱుగుటచే కొంతకాలము మంచముపై నుండవలసివచ్చెను. అయినను యాత్రను విరమింపక లండను చేరెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ పట్టము నొసగెను. లండను నగరము తన పౌరసత్వ గౌరవమును సమర్పించెను. గౌరవములు లభించెను గాని బీరారు లభింపలేదు. ఆయన నిరాశతో మరలివచ్చి, ఎప్పటివలెనే తన కాగితముల ముందు కూర్చుండెను.

సాలార్ జంగు పాలనమున లోపములు లేకపోలేదు. జాగీరులును, నిజాము సొంత భూములైన సర్ఫెఖాసు గ్రామములును ఆయన సంస్కరణములకు చాలవఱకు వెలుపలనే యుండెను. అచ్చటి రైతుల కష్టము మునుపటివలెనే సాగెను. కార్యాలయములందు పారసీకమే నడచెను. తెలుగు, మరాఠీ, కన్నడము మాటాడు ప్రజలు తమ శిస్తు చీటిని తాము చదువుకొనలేకపోయిరి. లెక్క వ్రాసినంతమాత్రాన చాలదు, ఎవరి సొమ్మో వారికి ఆ లెక్క అర్థము కావలెను. పాలనమునకు సమర్థులు కావలెనని ఉత్తరదేశమునుండి పెక్కు విద్యావంతులను ఆయన రప్పించెను. వారివలన పని చక్కగా జరిగినను, స్థానికులకు పదవులు దక్కలేదను అసంతృప్తి కూడ ఆనాడే మొలకెత్తెను. ప్రజలెన్నుకొన్న సభ యేదియు ఆ లెక్కలను పరిశీలింపలేదు. ఒక్కని నీతిపై నిలిచిన క్రమము ఆ యొక్కడు లేనినాడు సడలుట సహజము.

1883వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన సాలార్ జంగు విషూచి రోగముచే ఆకస్మికముగ మరణించెను. అప్పటికి ఆయనకు ఏబదినాలుగేండ్లు. ముప్పది సంవత్సరములు ఒకే పదవిలో నుండి, ముగ్గురు నిజాముల కొలువు చూచిన ఆ దివానును హైదరాబాదులోని మీర్ మోమిన్ దాయిరాయందు సమాధి చేసిరి. ఆయన మనుమడు సేకరించిన వస్తువులతో 1951వ సంవత్సరమున ప్రదర్శనశాల వెలసినది.

యుద్ధములలో గెలిచినవారి పేరులు శిలలపై చెక్కబడును. లెక్కలు సరిచేసినవారి పేరులు పుస్తకముల మడతలలో మఱుగుపడును. కాని వీధిదీపము వెలుగుటకును, కుళాయిలో నీరు వచ్చుటకును, పాఠశాలలో ఉపాధ్యాయునకు నెలనెలా జీతమందుటకును మూలము ఎక్కడనో ఒక గుమాస్తా నిజాయితీతో వ్రాసిన పద్దే. ఇంటిపన్నును, నీటిపన్నును గడువులోపల చెల్లించి రసీదు పుచ్చుకొను పౌరుడును, ఆ సొమ్మును ఆనాడే పుస్తకమున కెక్కించు ఉద్యోగియు దేశసేవకులే. ఇరువదినాలుగేండ్ల యువకుడు ఖాళీ ఖజానా ముందు నిలిచి, ధైర్యము కోల్పోక, మొదటి పద్దు వ్రాయించినాడు. ఆ మొదటి పద్దే ఒక రాజ్యమును నిలబెట్టినది.